పగడానికి జబ్బు చేస్తే

మన తొండియార్‌పేట నుంచి ప్యారిస్ వైపు బస్సెక్కి మణ్ణడిలో దిగితే అక్కడ పవళక్కార వీధి అని ఒకటుంది. ఇంగ్లిష్‌లో కోరల్ మర్చంట్ స్ట్రీట్ అంటారు. తమిళంలో పవళం అంటే మన పగడమే. 17, 18 శతాబ్దాల్లో మధ్యధరా సముద్రంలో తీసిన ఎర్ర పగడాలు లివోర్నో, లండన్ రేవుల మీదుగా ఓడల్లో ఇక్కడి సెయింట్ జార్జ్ కోటకు వచ్చేవి. వాటికి బదులుగా గోల్కొండ వజ్రాలు వెళ్ళేవి. ఆ వ్యాపారుల పేరే ఆ వీధికి నిలిచిపోయింది.

అమ్మ మెడలో సూత్రాల పక్కన ఉండే పగడాన్ని మనం రాయి అనుకుంటాం, నవరత్నాల్లో కూడా లెక్కేస్తాం. సంస్కృతంలో విద్రుమం అన్నారు. ఆ మాటలో ద్రుమం ఉంది కాబట్టి చెట్టు అనుకున్నట్టే. యూరప్ వాళ్ళు కూడా చాలాకాలం మొక్క అనే అనుకున్నారు. 1720ల్లో పేసొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు అది మొక్క కాదు, జంతువు అని చూపించాడు. మనం మెడలో వేసుకునేది ఆ జంతువు లోపలి గట్టి భాగం.

ఇదంతా ఎందుకంటే, పోయిన నెల మా క్లాసులో "మా బాబాయి ఇంట్లో పగడాలకి ఒంట్లో బాలేదు" అన్నాను. అందరూ నవ్వారు. రాయికి జబ్బేంటి అని. అది ప్రాణి అని తెలిస్తే ఆ ప్రశ్నే రాదు. ప్రాణి అన్నాక పురుగు పడుతుంది, పుండు పడుతుంది, జాగ్రత్తగా చూస్తే కోలుకుంటుంది. మనలో అక్వేరియం ఉన్న ఇళ్ళు కొన్ని ఉన్నాయి, పక్కనే కొళత్తూరులో రంగు చేపల బజారు ఉంది. అందుకని నేను చదివిందీ, బాబాయి దగ్గర చూసి నేర్చుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మిగతాది చదవడానికి టైం లేనివాళ్ళు "వేడినీళ్ళు వద్దు" అన్న భాగం ఒక్కటైనా చదివి వెళ్ళండి. అది చేపలకి కాదు, మనుషులకి సంబంధించింది.

మెత్తని పగడం అంటే

సముద్రంలో గుట్టలు కట్టే పగడాలు సున్నపు గూడు కట్టుకుంటాయి. మెత్తని పగడాలకి అలాంటి గూడు ఉండదు. ఒంట్లో ఇసుక రేణువుల్లాంటి సున్నపు ముక్కలు మాత్రం ఉంటాయి. తాకితే తోలులాగో, రబ్బరులాగో అనిపిస్తుంది. ఒక్కో పగడం మీద వందల కొద్దీ చిన్న పూలలాంటివి విచ్చుకుని ఉంటాయి. వాటిని పాలిప్‌లు అంటారు. ఒక్కో పాలిప్‌కి ఈకల్లాంటి చేతులు 8 ఉంటాయి. అమ్మ మెడలోని ఎర్ర పగడం కూడా ఈ ఎనిమిది చేతుల వంశమే.

అక్వేరియాల్లో ఎక్కువగా కనిపించేవి పుట్టగొడుగులా ఉండే లెదర్ పగడం, ఎప్పుడూ పిడికిలి మూసి తెరుస్తున్నట్టు కదిలే జీనియా, ఇంకా బొత్తాల్లాగా గుంపుగా పెరిగే జోయాంథిడ్‌లు. శాస్త్రం ప్రకారం జోయాంథిడ్ ఈ ఎనిమిది చేతుల వంశం కాదు, కానీ పెంచేవాళ్ళు దాన్నీ ఇందులోనే కలిపేస్తారు. నేనూ అలాగే కలిపి రాస్తున్నాను.

వీటిలో చాలావాటి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. అది వెలుతురులో ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది. పగడం దానికి చోటిస్తుంది. నీళ్ళు మరీ వేడెక్కితే ఈ కాపురం చెదిరిపోతుంది, పగడం తెల్లబడుతుంది. తూత్తుకుడి నుంచి రామేశ్వరం దాకా ఉన్న మన్నార్ గల్ఫ్‌లో 2010లోనూ 2016లోనూ పగడాలు అలాగే పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి. ఇంట్లో ఉన్న రెండడుగుల తొట్టిలోనూ జరిగేది అదే.

ముందు జబ్బేనా కాదా చూడాలి

పగడం ముడుచుకుంది అనగానే మందు వెతకడం చాలామంది చేసే పని. కానీ ముడుచుకోవడానికి సగం కారణాలు జబ్బులు కావు.

లెదర్ పగడం అప్పుడప్పుడు పై పొర విడుస్తుంది. అప్పుడు ఒళ్ళంతా మైనం పూసినట్టు మెరుస్తుంది. పాలిప్‌లు లోపలికి పోయి, కొన్ని రోజులు, ఒక్కోసారి వారం పైన కూడా అలాగే ఉంటుంది. పాము కుబుసం విడిచినట్టన్నమాట. ఆ టైంలో మందు పోస్తే బాగున్నదాన్ని మనమే పాడుచేసినట్టు. నీటి ప్రవాహం కొంచెం పెంచితే ఆ పొర తొందరగా ఊడిపోతుంది. అంతే చాలు.

రెండోది వేడి. ఇలాంటి తొట్టికి 24 నుంచి 27 డిగ్రీలు బాగుంటుంది. మన మద్రాసు మే నెలలో మనకే ఊపిరాడదు, దానికెలా ఆడుతుంది? కరెంటు పోయిందంటే ఫ్యాను ఆగుతుంది, పంపు ఆగుతుంది, నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది. మూడోది ఉప్పు. నీళ్ళు ఆవిరైపోతాయి కానీ ఉప్పు ఆవిరి కాదు. అందుకని రోజూ తగ్గినంత మేర మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు పోయకూడదు. ఆ మంచినీళ్ళు కూడా క్లోరిన్ ఉన్న మెట్రో వాటర్ కాకుండా ఆర్‌ఓ నీళ్ళయితే మేలు.

"సముద్రం పక్కనే ఉంది కదా, కాశిమేడు నుంచి రెండు బిందెలు తెచ్చుకోరాదూ?" అని మా అమ్మమ్మ అడుగుతుంది. హార్బర్ నీళ్ళలో పడవల నూనె ఉంటుంది. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు ఈ తీరమంతా నల్లటి నూనె ఎలా పట్టిందో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ప్యాకెట్లో దొరికే సముద్రపు ఉప్పు మిశ్రమం కలుపుకోవడమే నయం.

వేడి, ఉప్పు, ప్రవాహం అన్నీ సరిగ్గా ఉన్నా పగడం రోజుల తరబడి విచ్చుకోకపోతే అప్పుడు పురుగు కోసం వెతకాలి. పగలు కాదు, రాత్రి వెతకాలి. ఇలాంటి వాటిలో చాలా భాగం చీకట్లోనే బయటకి వస్తాయి. తొట్టి లైటు ఆపేసి రెండు గంటలయ్యాక టార్చి వేసి చూడాలి.

ఏ పురుగు, ఏం చేస్తుంది

జోయాంథిడ్ తినే న్యూడిబ్రాంక్: ఇది గుల్ల లేని నత్త, గోరంత ఉంటుంది. ఏ రంగు పగడాన్ని తింటే ఆ పగడంలోని నాచును తన ఒంట్లో దాచుకుని ఆ రంగులోకే మారిపోతుంది. అందుకే పక్కనే ఉన్నా కనపడదు. బాబాయి ఇంట్లో దొంగ ఇదే. పది రోజులు "నీళ్ళ తేడా" అని నీళ్ళు మారుస్తూ వచ్చారు. ఒక రాత్రి పిన్ని టార్చి పట్టుకుని "ఆ బొత్తాం నడుస్తోందండీ" అంది. దగ్గరికెళ్ళి చూస్తే మూడు ఉన్నాయి. వాటి గుడ్లు తెల్లగా చుట్టచుట్టినట్టు పాలిప్‌ల కింద అతుక్కుని ఉంటాయి.

సన్‌డయల్ నత్త: గుండ్రంగా, బల్లపరుపుగా, గుల్ల మీద నలుపూ తెలుపూ గళ్ళతో చాలా అందంగా ఉంటుంది. అందంగా ఉంది కదా అని వదిలేస్తే జోయాంథిడ్‌లని తినేస్తుంది. దీనికి మందు అక్కర్లేదు, చేత్తో ఏరెయ్యడమే.

ఎర్ర చదును పురుగులు: బియ్యపు గింజంత ఉంటాయి, తుప్పు రంగు. ఇవి పగడాన్ని తినవు కానీ వేల సంఖ్యలో పెరిగి దాని మీద దుప్పటిలా కప్పేస్తాయి. వెలుతురు అందక పగడం నీరసిస్తుంది. వీటితో ఒక చిక్కుంది. ఒక్కసారిగా చస్తే వాటి ఒంట్లోంచి విషం వచ్చి చేపలు కూడా పోతాయి. కాబట్టి ముందు సన్నటి గొట్టంతో వీలైనన్ని పీల్చేయాలి. మిగిలిన కొన్నిటికే మందు వేయాలి. వెంటనే నీళ్ళు మార్చి, వడపోతలో యాక్టివేటెడ్ బొగ్గు పెట్టాలి.

ఐప్టేజియా: ఇది పురుగు కాదు, గోధుమ రంగు చిన్న సముద్రపు పువ్వు. పక్కనున్న పగడాలని కుట్టి చోటు ఆక్రమిస్తుంది. దీన్ని గీకకూడదు, కొయ్యకూడదు. తెగిన ఒక్కో ముక్కా ఒక్కో కొత్త ఐప్టేజియా అవుతుంది, రక్తబీజుడి కథ మీకు తెలుసు కదా. పంపు ఆపి, సూది లేని సిరంజితో దాని నోట్లో చిక్కటి సున్నపు ముద్ద పెడతారు. తాంబూలంలో వేసుకునే సున్నం జాతిదే, కానీ అంగట్లో దొరికే తాంబూలం సున్నంలో ఇంకేవైనా కలిసి ఉండొచ్చు కాబట్టి అక్వేరియం కోసం అమ్మే శుద్ధమైనదే వాడాలి. పెప్పర్‌మింట్ రొయ్యలు చిన్న ఐప్టేజియాలని తింటాయి, వాటిని పెంచుకున్నా మంచిదే.

ఇక ఏ తప్పూ చెయ్యకుండా తన్నులు తినేది బ్రిసిల్ వార్మ్. ముళ్ళ జెర్రిలా ఉంటుంది, చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. పగడం చచ్చిన చోట అదే కనపడుతుంది కాబట్టి అదే చంపింది అంటారు. చాలావరకు అది చచ్చినదాన్ని తిని శుభ్రం చెయ్యడానికి వచ్చినదే. ముళ్ళు గుచ్చుకుంటాయి కాబట్టి చేత్తో పట్టుకోకండి. అది లేకుండా చెయ్యాలని మాత్రం చూడకండి.

స్నానం ఎలా పొయ్యాలి

తొట్టి మొత్తానికి మందు పోస్తే అందులో ఉన్న రొయ్యలు, నత్తలు, మేలు చేసే బ్యాక్టీరియా, అన్నీ ఆ మందు తాగాల్సిందే. ముఖ్యంగా చేపల తెల్లమచ్చ జబ్బుకి అమ్మే రాగి మందు పగడం ఉన్న తొట్టిలో ఒక్క చుక్క కూడా పడకూడదు. చేపని బతికించబోయి మిగతా అన్నిటినీ చంపుతుంది. అందుకని జబ్బు పడ్డ పగడాన్ని బయటికి తీసి విడిగా ముంచడమే పద్ధతి.

1. మూడు గిన్నెలు పెట్టుకోవాలి. మూడింటిలోనూ తొట్టిలోని నీళ్ళే, అదే వేడిలో. వంటకి వాడే గిన్నెలు వద్దు.

2. మొదటి దాంట్లో మందు కలపాలి. పగడాల కోసం అమ్మే డిప్ మందు గానీ లూగోల్స్ అయోడిన్ గానీ, సీసా మీద రాసిన కొలత ప్రకారమే. ఎక్కువ వేస్తే తొందరగా తగ్గుతుందనేది దీనికీ పనిచెయ్యదు, మనకీ పనిచెయ్యదు.

3. పగడాన్ని సీసా మీద రాసినంత సేపే ఉంచి, మధ్యమధ్యలో మెల్లగా ఊపాలి. పురుగులు రాలి అడుగున పడతాయి. జోయాంథిడ్‌ని అయితే అదే వేడి ఉన్న ఆర్‌ఓ మంచినీళ్ళలో ఒక్క నిమిషం ముంచినా తట్టుకుంటుంది. జీనియా లాంటి సున్నితమైనవి తట్టుకోవు, వాటికి ఆ ప్రయోగం చెయ్యకండి.

4. రెండో గిన్నెలో, మూడో గిన్నెలో కడిగి, గుడ్లున్నాయేమో చూసి ట్వీజర్‌తో గానీ మెత్తటి కొత్త బ్రష్‌తో గానీ తీసెయ్యాలి. ముంచిన నీళ్ళు మళ్ళీ తొట్టిలో పొయ్యకూడదు.

5. వారానికోసారి చొప్పున మూడు నాలుగు సార్లు ఇదంతా మళ్ళీ చెయ్యాలి.

ఈ ఐదోది చాలామంది వదిలేస్తారు. మందు పురుగుని చంపుతుంది కానీ గుడ్డుని చంపలేదు. మొదటి స్నానం అవగానే పగడం విచ్చుకుంటుంది, ఇంట్లో అందరూ సంతోషిస్తారు. తర్వాత గుడ్లు పగిలి కథ మొదటికొస్తుంది. తలలో పేలు పడ్డ పిల్లల తల్లులకి ఈ లెక్క బాగా తెలుసు, ఈపి మిగిలితే పేను మిగిలినట్టే.

కుళ్ళు పట్టినప్పుడు

పురుగు కాకుండా కుళ్ళు కూడా వస్తుంది. లెదర్ పగడం మొదట్లో నల్లబడి మెత్తగా జారిపోతుంది, లేదా గోధుమ రంగు జిగురు పట్టి చెడ్డ వాసన వస్తుంది. ఇది పక్కవాటికి కూడా పాకుతుంది కాబట్టి ఆలస్యం చెయ్యకూడదు. జిగురుని గొట్టంతో పీల్చేసి, శుభ్రమైన పదునైన బ్లేడుతో కుళ్ళిన భాగాన్ని కొయ్యాలి. కుళ్ళు అంచు దగ్గర కాదు, ఇంకొంచెం లోపలికి, ఆరోగ్యంగా ఉన్న చోట కొయ్యాలి. తర్వాత అయోడిన్ స్నానం, మంచి ప్రవాహం. కోసేస్తే చస్తుందేమో అని భయం వేస్తుంది. కానీ మెత్తని పగడాలకి ఆ గుణముంది, ముక్క నుంచే మళ్ళీ పెరుగుతాయి. పెంచేవాళ్ళు ఒకటిని పది చేసేది ఇలా కోసే.

యాంటీబయోటిక్ మందులు వాడమని కొందరు చెప్తారు. అందులో నైట్రోఫ్యూరాన్ జాతివి కూడా ఉంటాయి. మన దేశంలో రొయ్యల చెరువుల్లో ఈ జాతి మందులు నిషేధం. చెరువులో వద్దన్నది ఇంట్లో సింకులో పారబోస్తే అది కూడా చివరికి కాలువకే కదా పోయేది.

వేడినీళ్ళు వద్దు

పురుగు పట్టిన రాయిని "మరిగించి పారేస్తే పోలా" అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. మన ఇళ్ళలో పాలసీసా నుంచి దిండు గలేబు దాకా ఏది శుభ్రం చెయ్యాలన్నా మరిగించడమే కదా. జోయాంథిడ్ విషయంలో ఇది ప్రాణాల మీదికి వస్తుంది.

కొన్ని జోయాంథిడ్‌లలో, ముఖ్యంగా పాలీథోవా అనే వాటిలో, పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. దీన్ని 1971లో హవాయిలో మూర్, షోయర్ అనే శాస్త్రవేత్తలు వేరుచేసి చూపించారు. అక్కడి మావీ దీవి వాళ్ళకి అది ముందే తెలుసు, ఆ మడుగులోని "నాచు"ని బల్లేలకి పూసేవాళ్ళని వాళ్ళ కథ. మన ఒంట్లో ప్రతి కణం గోడలోనూ సోడియంని బయటికి, పొటాషియంని లోపలికి తోసే ఒక పంపు ఉంటుంది. పాలీటాక్సిన్ ఆ పంపుని పట్టుకుని తలుపు తెరిచి పెట్టేస్తుంది. గుండె, కండరాలు, ఊపిరి అన్నీ దెబ్బతింటాయి. దీనికి విరుగుడు మందు లేదు. వచ్చిన బాధని బట్టి ఆసుపత్రిలో చూసుకోవడమే.

ఈ విషం వేడికి సులువుగా చెడిపోదు. మరిగిస్తే ఆవిరితో పాటు గదిలోకి వస్తుంది. బ్రష్‌తో గట్టిగా రుద్దినా తుంపరలు ఎగురుతాయి. 2018లో ఇంగ్లండ్‌లోని స్టీవెంటన్ అనే ఊళ్ళో ఇంటి అక్వేరియంలోని పగడాన్ని తీస్తుండగా ఒక కుటుంబమంతా ఆసుపత్రి పాలైంది. సాయానికి వచ్చిన ఫైర్ సిబ్బందిలో కొందరిని కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. మన ఇళ్ళు ఎలా ఉంటాయో మీకు తెలుసు. హాలు, వంటిల్లు పక్కపక్కనే, దోమల కోసం సాయంత్రమే కిటికీలు మూసేస్తాం. అందుకే ఈ భాగాన్ని ఒత్తి చెప్తున్నాను.

చెయ్యాల్సినవి ఇవి. రబ్బరు చేతి తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. చేతికి గాయం ఉంటే ఆ రోజు ఆ పని వేరేవాళ్ళకి ఇవ్వాలి. కిటికీ తెరవాలి. పగడాన్ని నీళ్ళలో ఉంచే పని చెయ్యాలి, పొడిగా ఉన్నప్పుడు గీకకూడదు. పారేయాల్సిన రాయిని బ్లీచ్ కలిపిన నీళ్ళలో నానబెట్టి పారెయ్యాలి. చిన్నపిల్లల్ని, పిల్లిని దగ్గరికి రానివ్వకూడదు. నోట్లో ఇనుము రుచి, జ్వరం, ఆయాసం, ఒళ్ళు నొప్పులు వస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళి "పగడం పట్టుకున్నాం" అని చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పకపోతే వాళ్ళు మామూలు జ్వరం అనుకుంటారు.

అసలు రాకుండా

ఇన్ని పురుగులు ఇంటికెలా వచ్చాయి? గాల్లోంచి రాలేదు. కొత్తగా కొన్న పగడంతో పాటే, దాని కింది రాయితో పాటే వచ్చాయి. కాబట్టి కొన్నదాన్ని తిన్నగా తొట్టిలో పెట్టకుండా విడిగా చిన్న తొట్టిలో నాలుగైదు వారాలు ఉంచి, ముంచి, చూసి, అప్పుడు కలపాలి. దీన్నే క్వారంటైన్ అంటారు. కరోనా తర్వాత ఈ మాట ఎవరికీ వివరించక్కర్లేదు.

దీనికి మన ఊళ్ళోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1994–95లో తెల్లమచ్చ వైరస్ ఆంధ్ర తీరంలో రొయ్యల చెరువుల్ని ఊడ్చేసింది. ఆ తర్వాత వనామి రొయ్యలు మన దేశానికి వచ్చినప్పుడు విదేశాల నుంచి తెచ్చే తల్లి రొయ్యల కోసం 2009లో మన నీలాంకరైలో క్వారంటైన్ కేంద్రం పెట్టారు. ముందు అక్కడ ఆగి, పరీక్షలయ్యాకే అవి ఆంధ్రలోని హేచరీలకి వెళ్తాయి. కోట్ల వ్యాపారానికి పనికొచ్చిన పద్ధతి మన హాల్లో ఉన్న తొట్టికి పనికిరాదా?

కొనే ముందు ఇంకో మాట. 2001 నుంచి గుట్టలు కట్టే పగడాలన్నీ, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు, ఆర్గన్ పైప్ పగడం, నిప్పు పగడాలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. అంగడివాళ్ళు ఏది చూపించినా దాని పేరేంటి, సముద్రంలోంచి తీసిందా, తొట్టిలో ముక్కతో పెంచిందా అని అడగండి. సమాధానం చెప్పలేకపోతే కొనకండి.

అలాగే తొట్టి వద్దనుకున్నప్పుడు అందులోవి తీసుకెళ్ళి సముద్రంలోనో బకింగ్‌హామ్ కాలువలోనో వదలకండి. మొనాకోలో అక్వేరియం నుంచి బయటపడ్డ ఒక నాచు 1984 నుంచి మధ్యధరా సముద్రంలో ఎకరాలకి ఎకరాలు పాకింది. మన పవళక్కార వీధికి పగడాలు పంపిన సముద్రమే అది.

బాబాయి జోయాంథిడ్‌లకి నాలుగు స్నానాలు అయ్యాయి. సగానికి పైగా విచ్చుకున్నాయి, ఒక మూల గుంపు పోయింది. పిన్ని ఇప్పటికీ వారానికోసారి రాత్రి టార్చి వేసి చూస్తోంది. మందు సీసా కంటే ఆ టార్చియే ఎక్కువ పనిచేసిందని బాబాయి అంటారు. ఇళ్ళలో అక్వేరియం ఉన్నవాళ్ళు ఈ రాత్రి లైటు ఆపేశాక ఒకసారి చూడండి. ఏదైనా నడుస్తూ కనపడితే నాకు చెప్పండి, పేరు కలిసి వెతుకుదాం.